సముద్రం లేని దేశం

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి నా చేతిలో ఏమేమి ఉన్నాయో ముందు చెప్పుకోవాలి. పోయిన వారం కథ అక్కడే ఆగింది గనక అక్కడే పట్టుకుందాం.

రెండు షట్టర్ల స్టేషనరీ కొట్టు ఉంది. పద్దెనిమిదేళ్ళుగా నా దగ్గర సుద్దముక్కలూ నోటుపుస్తకాలూ కొంటున్న అరవై రెండు బడులున్నాయి. ఆ బడుల లైబ్రరీలకి పిల్లల పుస్తకాలు మనమే వేసి ఎందుకు అమ్మకూడదన్న ఆలోచన ఉంది. ఆ ఆలోచనకి సరుకుగా మా మావయ్య, అంటే మా ఆవిడ నాన్న, ఉన్నాడు. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు సరుకు ఓడలో వంటమనిషి. ఏ రేవులో దిగితే ఆ రేవు గురించి వంటింటి నోటుబుక్కులో రాసుకున్నాడు. కుడి పేజీలో ఉప్పూ పప్పుల జాబితా, ఎడమ పేజీలో ప్రపంచం. అలాంటి నోటుబుక్కులు నలభై.

వాటిలోంచి పది దేశాలు ఏరాను. దేశానికో పుస్తకం, పుస్తకానికి నలభై ఎనిమిది పేజీలు, పేజీకో బొమ్మ. పది అట్టల మీదా ఎర్ర అక్షరాల్లో ఒకటే ముక్క: "వెళ్ళి, చూసి, రాసినవి." ఆ ముక్క నాదే. సరుకు కన్నా ముందు మాట అమ్ముడుపోవాలని మా నాన్న చెప్పేవాడు.

పది అట్టలూ ఒకే పెద్ద కాగితం మీద పడతాయి కాబట్టి ఆదా అవుతుందని అవి ముందే కొట్టించేశాను. లోపలి పేజీల కోసం ప్రెస్సు బాబాయి మర్నాడు మిషను ఖాళీగా ఉంచాడు. ఆ రోజు ఒంటిగంట లోపల నా కబురు అందకపోతే అది క్యాలెండర్లవాడికి వెళ్ళిపోతుంది. మళ్ళీ మన వంతు వచ్చేసరికి బడులు మూసేసి సెలవులిచ్చేస్తారు. కబురుకి అడ్డం ఒక్క సంతకం, గ్లోబు మేడంది.

ఆవిడ నలభై ఏళ్ళు జాగ్రఫీ చెప్పి రిటైరైంది. మా అరవై రెండు బడుల హెడ్మాస్టర్లలో సగంమంది ఆవిడ చేత బెంచీ ఎక్కినవాళ్ళే. పుస్తకం రెండో పేజీలో "పరిశీలించాను" అని ఆవిడ సంతకం ఉంటే కళ్ళు మూసుకుని కొంటారు. లేకపోతే కళ్ళు తెరిచి కూడా కొనరు. తొమ్మిది పుస్తకాలకి సంతకం పెట్టింది. ఏడో పుస్తకం మీద వేలు పెట్టి, "ఇది ఇక్కడ తేలేది కాదు. రేపు మీ ఇంటికొస్తా, మీ మావయ్యగారిని ఉండమనండి" అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. పోయిన వారం మనం ఆగింది ఆ గొడుగు దగ్గరే.

*

సరిగ్గా తొమ్మిదింటికి వచ్చింది. మా భోజనాల బల్ల మీద తన అట్లాసు పరిచింది. దాని అట్ట ఊడిపోతే చెప్పులు కుట్టే దారంతో కుట్టుకున్నట్టుంది. పక్కన భూతద్దం, ఎర్ర పెన్సిలు, ఏడో పుస్తకం ప్రూఫులు. మావయ్య ఎదురుగా కూర్చున్నాడు. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడింది. మేడం దగ్గర చదువుకున్నదే కాబట్టి ఇప్పటికీ ఆవిడ ముందు కూర్చోదు.

"మూడో బెంచీ, టీలో చక్కెర వద్దు," అంది మేడం. మా ఆవిడకి ముప్పై ఏళ్ళొచ్చినా మేడం లెక్కలో ఇంకా మూడో బెంచీయే.

తర్వాత నావైపు తిరిగింది. "ఈ పుస్తకం చాలా బాగుంది."

ఇక సంతకం పడదనుకున్నాను. వంకలు పెట్టేవాడు కొంటాడు, మెచ్చుకుంటూ మొదలుపెట్టినవాడు కొనడు. పాతికేళ్ళ వ్యాపారంలో ఇది తప్పిందిలేదు.

"మిగతా తొమ్మిదింట్లో మీ మావయ్యగారు రేవు దాటి లోపలికి పోలేదు," అంది మేడం. "చేపల బజారు, గిడ్డంగులు, అరుగు మీద కూర్చున్న ముసలమ్మ, మళ్ళీ ఓడ. పిల్లలకి ఆమాత్రం చాలు, తప్పు పట్టను."

"సెలవు నాలుగ్గంటలేనమ్మా. అంతలో ఎంత దూరం పోతాం? కూరగాయలు కొనాలి కూడానూ," అన్నాడు మావయ్య.

"కదా. మరి ఈ ఏడోదాంట్లో ఇంటిలోపలికి వెళ్ళారు. పొయ్యి దగ్గర కూర్చున్నారు. పిల్లలు రాత్రి ఏ పక్కకి తిరిగి పడుకుంటారో కూడా రాశారు. నాలుగ్గంటల్లో ఇదంతా ఎలా చూశారా అని అట్లాసు తీశాను." పెన్సిలు వెనకవైపుతో ఆ దేశం సరిహద్దు చుట్టూ మెల్లిగా గీసుకుంటూ వచ్చింది. "నేను నలభై ఏళ్ళు చెప్పిన పాఠమే, అయినా మతిమరుపేమోనని భూతద్దంతో వెతికాను. దీనికి సముద్రం ఎటువైపుందో కాస్త చూపిస్తారా?"

నేను వంగి చూశాను. గోధుమరంగు, తెలుపు, మళ్ళీ గోధుమరంగు. పదమూడు నెలలుగా ఈ దేశాన్ని అమ్మడానికి తిరుగుతున్నాను, ఒక్కసారి కూడా పటంలో చూడలేదు. కొట్లో నాలుగు వందల అట్లాసులున్నాయి. మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడంటారు, అలాగే అయింది నా పని.

"ఇదిగో నీలం," అన్నాను ఆశగా.

"అది సరస్సు. పొద్దున దాని చుట్టూ నడవడం మొదలుపెడితే సాయంత్రానికి మొదలుపెట్టిన చోటికే వస్తారు."

"నది ఉంటుంది కదా మేడం. పెద్ద ఓడ కాకపోయినా చిన్న పడవలో..."

"ఆ నదిని మేకలు నడిచి దాటుతాయని ముప్పై ఒకటో పేజీలో మీరే వేశారు."

"విమానంలో వెళ్ళి ఉండొచ్చు..."

"మావయ్యగారూ, మీరు విమానం ఎక్కారా?"

"ఎక్కలేదమ్మా," అన్నాడు మావయ్య. "దాంట్లో వంటిల్లు మరీ ఇరుకని విన్నాను."

గుమ్మంలో మా ఆవిడ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. మేడం నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

"అయితే వెళ్ళి, చూసి, రాసినవి అని అట్ట మీద అబద్ధమెందుకు?"

మావయ్య నిటారుగా కూర్చున్నాడు. "ఆ అట్ట నేను చూడనేలేదు. నేనా దేశం వెళ్ళలేదు. వెళ్ళానని ఎక్కడా రాయలేదు. అమ్మాయ్, ఇరవైమూడో నోటుబుక్కు పట్రా."

*

నోటుబుక్కు వచ్చింది. నూనె మరకలకి కొన్ని పేజీలు అద్దాల్లా అయిపోయాయి. మేడం భూతద్దం పెట్టి పైకే చదివింది.

"చలికాలంలో గుమ్మం మంచులో పూడుకుపోతుంది, అప్పుడు మేడమీద కిటికీలోంచి బయటికొస్తారు, అని కొండ చెప్పాడు. బడికి వెళ్ళేటప్పుడు తోలు పరుచుకుని జారిపోతారు, తిరిగొచ్చేటప్పుడు ఆ తోలే భుజాన వేసుకుని ఎక్కుతారు, అని కొండ చెప్పాడు. సరస్సు గడ్డకట్టాక పిల్లలు దానికి చెవి ఆనించి వింటారు, లోపల ఎవరో తలుపు తడుతున్నట్టు ఉంటుంది, అని కొండ చెప్పాడు..." తలెత్తింది. "ఈ కొండ ఎవరు?"

"వంటింట్లో నాకు సాయం. ఓడలో అందరూ వాణ్ణి కొండ అనేవారు, నన్ను గరిటె అనేవారు," అన్నాడు మావయ్య. "పదకొండేళ్ళు ఒకే బల్ల దగ్గర ఉల్లిపాయలు కోశాం. వాళ్ళ ఊళ్ళో ఎవరూ సముద్రం చూడలేదు. వీడు ఇరవయ్యో ఏట ఏదో పని మీద రేవుకొచ్చి, అవతలి ఒడ్డు కనపడటం లేదేమిటా అని మూడు రోజులు గట్టు మీదే కూర్చున్నాడట. నాలుగో రోజు అదేదో చూసొద్దామని ఓడెక్కేశాడు."

"కనపడిందా అవతలి ఒడ్డు?"

"కనపడిందిగానీ అక్కడా పనే చెప్పారు."

ఈసారి మేడం పెదవి కాస్త కదిలింది. వెంటనే సర్దుకుని ప్రూఫులు చేతిలోకి తీసుకుంది. "నోటుబుక్కులో ప్రతి మాటకీ కొండ ఉన్నాడు. అచ్చుకెళ్ళే కాగితాల్లో ఒక్కచోటా లేడు. ఎక్కడికి పోయాడు?"

ఇక నా వంతు. బుకాయించవచ్చు. కంపోజు చేసినవాడి మీదకి తోసేయవచ్చు, వాడు ఇక్కడ లేడు. కానీ సరుకు బల్ల మీద విప్పి ఉండగా బుకాయించేవాడు వ్యాపారి కాదు, వెర్రివాడు.

"నేనే తీసేశాను మేడం."

"ఎన్నిసార్లు?"

"రెండు వందల పద్నాలుగు."

"లెక్కపెట్టి మరీ తీశారా!"

"పదహారు పేజీలు ఒక ఫారం మేడం. మూడు ఫారాలకి నలభై ఎనిమిది. అవన్నీ ఉంచితే యాభై రెండో పేజీకి పోయింది. ఆ నాలుగు పేజీల కోసం నాలుగో ఫారం వేయాలి, మిగతా పన్నెండూ తెల్లకాగితాలు. చూస్తే ప్రతి వాక్యం చివరా అదే మాట. బస్తాలో రాళ్ళు ఏరినట్టు ఏరేశాను."

"మీరు ఏరి పారేసింది తూకం రాళ్ళు," అంది మేడం.

అది పడింది. కానీ అంతకన్నా గట్టిగా మావయ్య మాట పడింది. ఆయన ప్రూఫులు తనవైపు లాక్కుని ఒక్కో పేజీ తిప్పాడు, గిన్నె అడుగున మాడిందేమో చూసేవాడిలా.

"ఒక్కటీ ఉంచలేదా అల్లుడూ?"

"లేదు మావయ్యా."

"వాడి ఇల్లు, వాళ్ళ పొయ్యి, వాడి మేకలు. అంతా తీసుకెళ్ళి నాపేరు మీద రాసేశావు."

వేరే కొట్టు సరుకు మీద మన ముద్ర వేసుకుని అమ్మడానికి మా బజార్లో ఒక పేరుంది. అది ఇక్కడ రాయను. ఆ పని చేసిన నోటుపుస్తకాల వ్యాపారిని ఒకప్పుడు నేనే నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. ఆ రోజు అందరూ నా వైపే ఉన్నారు. ఈ రోజు లెక్కవేస్తే నేను కూడా నా వైపు లేను.

"ఏడోది ఆపేద్దాం," అన్నాను. "తొమ్మిదే వేద్దాం. బడులకి నేను చెప్పుకుంటాను."

"ఎందుకు ఆపడం?" మేడం గయ్యిమంది. "పదింట్లో ఇదే మంచిది. నేను నలభై ఏళ్ళు అన్ని దేశాల పాఠాలూ చెప్పాను, ఏ దేశం వెళ్ళాను? ఎవరో చూసి చెప్పిందే చెప్పాను. విన్నది రాయడం తప్పా? ఎవరు చూశారో చెప్పకపోవడం తప్పు. పిల్లవాడు పుస్తకం మూసి, ఇది నీకెలా తెలుసూ అని అడిగితే పుస్తకం దగ్గర జవాబుండాలి. కొండని మళ్ళీ లోపలికి రానివ్వండి."

"రెండు వందల పద్నాలుగు సార్లూనా?"

"పేజీకి ఒక్కసారైనా."

మేడం బేరంలోకి దిగింది. "పేజీకంటే నలభై ఎనిమిది మేడం, పట్టదు. మొదట్లో ఒక్కసారి పెద్ద అక్షరాల్లో వేద్దాం, కొండ చెప్పగా గరిటె రాసినది అని."

"అది ఎలాగూ వేస్తారు. దాన్ని బేరంలో కలపకండి."

"అధ్యాయానికొకటి. పదకొండు అధ్యాయాలు."

"అధ్యాయానికి మూడు."

"రెండు మేడం. ఇరవై రెండు. అంతకు మించితే ఫారం దాటుతుంది, నా మాట నమ్మండి."

"ఇరవై రెండుకి మాత్రం చోటెక్కడిది?"

"చివరి పేజీలో నా కొట్టు ప్రకటన ఉంది. తీసేస్తాను."

మేడం నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూసింది. "సరే, ఇరవై రెండు. అట్ట మీద ముక్కకి?"

"చీటీ అతికిస్తాం. విని, సరిచూసి, రాసినది అని."

"సరిచూసి అన్నారు. ఇంకా చూడలేదు. ఆ కొండ ఉన్నాడా?"

"ఉన్నాడు," అన్నాడు మావయ్య.

"ఫోనుందా?"

మావయ్య జవాబు చెప్పడానికి ఒక క్షణం ఎక్కువ తీసుకున్నాడు. గోదాములో సరుకు పెట్టుకుని లేదని చెప్పబోయేవాడి మొహం నేను గుర్తుపట్టగలను. ఎందుకో తెలియలేదు. గడియారం చూస్తే పదకొండు కావస్తోంది. పట్టించుకోలేదు.

"ఉంది," అన్నాడు చివరికి.

*

ఇద్దరూ ఓడ దిగి తొమ్మిదేళ్ళయింది. ఏడాదికోసారి, దిగిన తేదీన, మావయ్య డాబా మీదికి వెళ్ళి ఒక ఫోను మాట్లాడి వస్తాడని మాకు తెలుసు. ఎవరితోనో అడగలేదు. ఆ ఫోను ఇప్పుడు భోజనాల బల్ల మీదికి వచ్చింది, స్పీకర్ పెట్టి మరీ.

వాళ్ళు మాట్లాడుకునేది ఓడ భాష. నాలుగైదు భాషల విరిగిన ముక్కలు ఒక గిన్నెలో వేసి కలిపినట్టుంటుంది. మావయ్య అర్థం చెప్పబోతే మేడం చెయ్యి అడ్డం పెట్టింది.

"రాసినవారే సాక్షి మాటకి అర్థం చెబితే కుదరదు. మూడో బెంచీ, నీకొచ్చా ఈ భాష?"

"వచ్చు మేడం. నాన్న సెలవుకొచ్చినప్పుడల్లా ఇంట్లో ఇదే మాట్లాడేవారు. అమ్మ తిట్టేది."

"అయితే కూర్చో. మార్చకుండా చెప్పు."

మా ఆవిడ పెళ్ళయిన ఏడేళ్ళలో మొదటిసారి మేడం ముందు కుర్చీలో కూర్చుంది.

అటువైపు ఫోను ఎత్తారు. గాలి హోరు, ఎక్కడో కుక్క. ఒక బొంగురు గొంతు కంగారుగా ఏదో అంది.

"ఇవాళ తేదీ కాదే, ఎవరు పోయారు అంటున్నారు," అంది మా ఆవిడ.

మావయ్య వెంటనే అరిచినట్టు జవాబిచ్చాడు.

"ఎవరూ పోలేదు, నీ దేశం పుస్తకంగా వస్తోంది అంటున్నారు నాన్న."

అటువైపు ఒక నవ్వు. అది నవ్వే అని చెప్పడానికి అర్థం అక్కర్లేకపోయింది.

అక్కడినుంచి గంటసేపు మేడం తరగతి నడిచింది. పేజీ చదువుతుంది, మా ఆవిడ ఓడ భాషలోకి మారుస్తుంది, కొండ "ఊ" అంటాడు. కిటికీలోంచి బయటికి రావడం నిజం. తోలు మీద జారడం నిజం. ఇప్పటి పిల్లలు తోలు బదులు ప్లాస్టిక్ రేకు వాడతారు, అది ఇంకా జోరుగా పోతుంది. సరస్సుకి చెవి ఆనించి వినడం నిజం. చిన్నప్పుడు కొండ చెవి మంచుకి అంటుకుపోతే తల్లి గోరువెచ్చని నీళ్ళు పోసి విడిపించింది.

పంతొమ్మిదో పేజీ దగ్గర ఆపాడు.

"ప్రతి మేక మెడలోనూ గంట అన్నది తప్పంటున్నారు. మందలో ముసలి మేకకి మాత్రమే కడతారట. అన్నిటికీ కడితే ఊళ్ళో నిద్రెవడు పోతాడు, ఒరే గరిటె, అప్పుడు కూడా నువ్వు సగమే విన్నావు, నీ చెవి కుక్కర్ మీదే ఉండేది అంటున్నారు."

"తప్పు నాదే," అన్నాడు మావయ్య సంతోషంగా. ఇందాక నా మీద ముడిచిన మొహం ఆ కాస్త తిట్టుకే విచ్చుకుంది.

మేడం బొమ్మలోని పదకొండు గంటల మీద ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టింది. "తప్పు పట్టగలిగాడంటే మిగతావి మనసుపెట్టి విన్నాడన్నమాట. మంచి సాక్షి," అంది. తర్వాత పుస్తకంలో లేనిది ఒకటి అడిగించింది. "మీ ఊరి పిల్లలకి సముద్రం గురించి ఏమని చెబుతారు?"

మా ఆవిడ విని నవ్వుతూ చెప్పింది. "అవతలి ఒడ్డు కనపడని సరస్సు అని చెబుతారట. పిల్లలు నమ్మరట. గొప్పలు చెప్పే తాత అంటారట. వాళ్ళమ్మాయి ఆ ఊరి బడిలో టీచరట, ఆవిడ మాత్రం నమ్మి, తండ్రి చెప్పినవన్నీ పిల్లలకి పాఠాలుగా రాసిందట. ఓడ గురించి ఒకటి, రేవుల గురించి ఒకటి, గరిటె వాళ్ళ ఇంటి గురించి ఒకటి."

"మన ఇంటి గురించా?" అన్నాను నేను.

"వేరే దేశంలో ఇల్లు ఎలా ఉంటుందో చెప్పడానికి వాళ్ళకి తెలిసిన ఇల్లు మనదే కదా," అంది మేడం. అంటూనే పెన్ను మూత తీసింది. నేను రెండో పేజీ ప్రూఫు ఆవిడ ముందుకి జరిపాను. పన్నెండుంపావు. "పరిశీలించాను" అన్న మాట కింద ఆవిడ పేరులో మొదటి అక్షరం పడింది.

అప్పుడు కొండ ఏదో చిన్న ప్రశ్న అడిగాడు. చాలాసార్లు అడిగి అలవాటైన ప్రశ్నలా ఉంది గొంతు.

మా ఆవిడ అర్థం చెప్పలేదు. మావయ్య ఫోను వైపే చూస్తూ ఒక్క మాటలో జవాబిచ్చాడు.

"ఏమిటి?" అంది మేడం. "మార్చకుండా చెప్పమన్నాను."

మా ఆవిడ మార్చకుండానే చెప్పింది. "ఇంట్లో ఆవిడ ఎలా ఉంది అని అడిగారు. బాగుంది అన్నారు నాన్న."

మా అత్తగారు పోయి పదిహేడేళ్ళు. అప్పటికి మా ఆవిడ పదమూడేళ్ళ పిల్ల, పిన్ని ఇంట్లో పెరిగింది. ఆ పిల్ల పది రోజులు బడికి రాకపోతే ఇంటికొచ్చి తీసుకెళ్ళింది ఈ మేడమే. ఆ గదిలో ఉన్న నలుగురికీ తెలిసిన సంగతి ఫోనులో ఉన్న ఐదోవాడికి తెలియదు. మేడం పెన్ను మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

కొండ హుషారుగా మాట్లాడుతూనే ఉన్నాడు. మా ఆవిడ వాక్యం వెనక వాక్యం చదువుతున్నట్టు చెబుతూ పోయింది. "వాళ్ళమ్మాయి పాఠంలో ఆవిడ గురించి ఒక పేజీ రాసిందట. మీరు నన్ను అడిగి సరిచూసుకున్నట్టే తనూ ఆవిణ్ణి అడిగి సరిచూసుకోవాలంటుందట. పిల్లలకి అబద్ధం చెప్పకూడదు కదా అంటున్నారు. రేపు పదింటికి ఆ అమ్మాయి ఫోను చేస్తుందట. ఆ అమ్మాయికీ ఓడ భాష వచ్చట."

మావయ్య "సరే" అన్నాడు. అది నాకు కూడా అర్థమైంది. ఫోను ఆగిపోయింది.

*

ముందు మాట్లాడింది మేడం. మిగతా అక్షరాలు కూడా పూర్తిచేసి, కింద గీత గీసి, తారీఖు వేసింది. "నేను సంతకం పెట్టింది ఏడో పుస్తకానికి," అంది. "ఫోనుకి కాదు." అట్లాసు మూసింది, కానీ లేవలేదు.

మావయ్య తన చేతులు చూసుకుంటున్నాడు. "కబురందినప్పుడు వాడు సెలవులో ఉన్నాడు," అన్నాడు. "తిరిగొచ్చి సంచీ అయినా దించకుండా అడిగాడు, ఇంట్లో ఆవిడ ఎలా ఉందని. వాడికి రోజూ ఆమె సంగతులు చెప్పేవాణ్ణి కదా. బాగుందన్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు మళ్ళీ అడిగాడు." టీ కప్పు అవతలికి జరిపాడు. "ఓడలో అందరికీ తెలుసు. వాడి దగ్గర నోరెత్తొద్దని బతిమాలాను. ఆ వంటింట్లో ఒక్కచోటే ఆమె బాగుండేది అమ్మాయ్."

మా ఆవిడ కోప్పడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. నా అంచనా రెండు వైపులా తప్పింది.

"ఆ పేజీలో ఏముంటుంది నాన్నా?"

"మొదటి మూడేళ్ళలో చెప్పినవన్నీ నిజం. తర్వాత ఎనిమిదేళ్ళవి..." మావయ్య తలెత్తలేదు. "ఉంటే ఇలా ఉండేదని చెప్పినవి. నీ పెళ్ళిలో ఏ చీర కట్టుకుందో కూడా ఫోనులో చెప్పాను."

"ఏ చీర?"

ఆయన చెప్పాడు. మా ఆవిడ తల ఊపింది. అది మా బీరువాలో ఉన్న అత్తగారి చీరే. చల్లారిన టీ కప్పులు తీసి ఒకదానిలో ఒకటి పెట్టుకుంటూ లేచింది.

"రేపు ఫోను నేను తీస్తాను," అంది.

కూతురిగా తీస్తావా, మీ అమ్మలా తీస్తావా అని అడగడానికి నాకు నోరు రాలేదు. నేనే కాదు, ఎవరినైనా బెంచీ ఎక్కించే మేడం కూడా అడగలేదు. "పదింటికి నేనూ వస్తా. చక్కెర లేకుండా," అని మాత్రం అని, ఎర్ర పెన్సిలు సంచీలో వేసుకుంది.

ఒంటిగంటకి పావుగంట ముందు ప్రెస్సు బాబాయికి కబురు చేశాను. మిషను మనదే. భోజనాలయ్యాక అలవాటు ప్రకారం ఆ పూట పోయిందేమిటి, వచ్చిందేమిటి అని కూర్చున్నాను. నా కొట్టు ప్రకటన పోయింది. పదకొండు మేకల గంటలు పోయాయి. నేను గొప్పగా చెప్పుకున్న ఎర్ర అక్షరాలు ఒక అట్ట మీద చీటీ కిందికి పోయాయి. పది పుస్తకాలూ పదిగానే నిలిచాయి. కొండ తన చోటికి ఇరవై రెండుసార్లు తిరిగొచ్చాడు. మావయ్య భోజనం దగ్గర పెరుగు గిన్నె నావైపు జరిపాడు, అంటే క్షమించినట్టే.

ఇవి కాక ఇంకొకటి వచ్చింది. మా అత్తగారిని నేను చూడలేదు. ఆవిడ నవ్వు ఎలా ఉండేదో, అల్లుడితో ఏమని మాట్లాడి ఉండేదో ఈ ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. ఇప్పుడు ఏవో కొండల మధ్య ఒక బడిలో ఆవిడ గురించి ఒక పేజీ ఉంది. ఆ బడి పిల్లలందరికీ ఆవిడ తెలుసు. వాళ్ళ లెక్కలో ఆవిడ ఈ ఇంట్లోనే ఉంది, బాగుంది. చాలాసేపు ఆలోచించి, దాన్ని రాబడి వైపే వేసుకున్నాను.